రైడ్ అయ్యాక విటుడు ఎటు పోయాడు?

హైదరాబాద్‌లో పేపరు తిరగేసే అలవాటున్నవాళ్లకు ఆ వార్త కొత్తేమీ కాదు. లోపలి పేజీలో, రోడ్డు ప్రమాదానికీ గొలుసు దొంగతనానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఫలానా కాలనీలో వ్యభిచారం నడుస్తోందని ఒక అపార్ట్‌మెంట్‌పై పోలీసులు దాడి చేశారు. నిర్వాహకురాలిని అరెస్టు చేశారు. ఇద్దరు విటులను అదుపులోకి తీసుకున్నారు. ముగ్గురు యువతులను రెస్క్యూ హోమ్‌కు తరలించారు. అయిదు సెల్‌ఫోన్లు, కొంత నగదు స్వాధీనం. కాలనీ పేరు మారుతుంది, అంకెలు మారతాయి. వాక్యాలు మాత్రం అవే.

ఈ వార్తలో కనిపించే మనుషులు మూడు రకాలు. నిర్వాహకులు, విటులు, యువతులు. కనిపించని నాలుగో మనిషి ఒకడున్నాడు, ఆ ఫ్లాట్ అద్దెకిచ్చిన ఓనరు. మర్నాడు ఉదయానికి వీళ్లలో ఎవరు ఎక్కడున్నారో వరసగా చూసుకుంటూ పోతే, నగర పోలీసులు ఈ వ్యాపారాన్ని ఎక్కడ గట్టిగా పట్టుకుంటున్నారో, ఎక్కడ వాళ్ల చేతిలోంచి జారిపోతోందో తెలిసిపోతుంది. అందరికంటే ముందు ఇంటికి చేరేది మామూలుగా విటుడే. అందరికంటే ఆలస్యంగా చేరేది ఆ అమ్మాయి, అదీ చేరితే.

ముందు ఒక అపోహ సంగతి. వ్యభిచారం అంటేనే నేరమని మనలో చాలామంది నమ్మకం. నిజానికి వయసొచ్చిన మనిషి, ఎవరి బలవంతమూ లేకుండా, తన గదిలో తాను ఒక్కతే ఆ పని చేసుకుంటే 1956 నాటి చట్టం దాన్ని నేరం అనలేదు. ఆ చట్టానికి పుట్టినప్పుడు వేరే పేరుండేది. 1986 సవరణతో అది ‘అనైతిక రవాణా నిరోధక చట్టం’ అయింది. స్టేషన్లలో దాన్ని ‘పీటా’ అంటారు. అది శిక్షించేది చుట్టూ ఉన్నవాళ్లను. వ్యభిచార గృహం నడిపితే మొదటిసారి ఏడాది నుంచి మూడేళ్లు. ఆ సంపాదన మీద బతికితే రెండేళ్ల దాకా. ఒక మనిషిని ఈ పనిలోకి దింపితే మూడు నుంచి ఏడేళ్లు. గదిలో బంధించి చేయిస్తే ఏడేళ్ల నుంచి యావజ్జీవం. గుడికో బడికో ఆసుపత్రికో 200 మీటర్ల లోపల జరిగితే ఆమెకూ, ఆమెతో ఉన్నవాడికీ మూడు నెలల దాకా.

ఇంత జాగ్రత్తగా రాసిన చట్టంలోనే ఎనిమిదో సెక్షన్ చూడండి. రోడ్డు మీద నిలబడి పిలవడం, సైగలు చేయడం నేరం. స్త్రీ చేస్తే ఆరు నెలల దాకా. అదే పని మగవాడు చేస్తే ఏడు రోజుల నుంచి మూడు నెలల దాకా. ఈ తేడా పెట్టినవాళ్లు దానికేం కారణం చెప్పుకున్నారో గానీ, నాకైతే ఆ ఒక్క సెక్షన్‌లోనే మొత్తం కథ ఉన్నట్టు అనిపిస్తుంది.

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలప్పుడు ‘వ్యభిచారం ఇక చట్టబద్ధం’ అంటూ స్క్రోలింగులు నడిచాయి. కోర్టు కొత్తగా దేన్నీ చట్టబద్ధం చేయలేదు. సెక్స్ వర్కర్లతో పోలీసులు మర్యాదగా నడుచుకోవాలంది. దాడుల వార్తల్లో వాళ్ల ముఖాలు, పేర్లు బయటపెట్టొద్దని మీడియాకు హద్దు గీసింది. ఇష్టం లేకపోయినా హోముల్లో ఉండిపోయిన వయోజన స్త్రీల లెక్క తీసి, వాళ్లను విడుదల చేసే పని చూడమంది. ముఖానికి చున్నీ కప్పుకున్న అమ్మాయిలను వరసగా నిలబెట్టి ఫొటో తీసే అలవాటు మన దగ్గర తగ్గిందంటే ఆ ఆదేశాల పుణ్యం కూడా కొంత ఉంది.

ఇప్పుడు రైడ్ సంగతి. సమాచారం వస్తుంది. పక్క ఫ్లాట్‌వాళ్లు ఫోన్ చేయొచ్చు, ఇన్ఫార్మర్ చెప్పొచ్చు, ఆన్‌లైన్‌లో కనిపించిన నంబరే దారి చూపొచ్చు. పోలీసులు ఒకరిని కస్టమర్ వేషంలో పంపుతారు, డెకాయ్ అంటారు. అతని చేతికిచ్చే నోట్ల నంబర్లు ముందే పంచనామాలో రాసిపెడతారు. బేరం కుదిరి డబ్బు చేతులు మారగానే సైగ వస్తుంది, టీమ్ లోపలికి వెళుతుంది. వారెంట్ లేకుండా వెళ్లడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ షరతులున్నాయి. ఇద్దరు స్థానిక సాక్షులుండాలి, వాళ్లలో కనీసం ఒకరు స్త్రీ అయి ఉండాలి. ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, చర్య తీసుకునే అధికారి ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గకూడదు, అదీ ఈ చట్టం కింద నియమితుడైన ప్రత్యేక అధికారి అయి ఉండాలి. ఆ అధికారి కాక ఇంకొకరు దర్యాప్తు చేస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1961లోనే తేల్చేసింది. అయినా ‘ఎస్‌ఐ గారు వెళ్లి పట్టుకున్నారు’ అన్న పాయింటు మీద హైకోర్టులో కేసులు కొట్టుకుపోతూనే ఉన్నాయి.

ఈ డెకాయ్ పద్ధతిలో ఒక విశేషం ఉంది. అమెరికాలో చాలా నగరాల పోలీసులు దీన్ని తిరగేసి చేస్తారు. మహిళా పోలీసు రోడ్డు మీద నిలబడుతుంది, బేరానికి వచ్చిన మగవాడిని పట్టుకుంటారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 1995 నుంచి, మొదటిసారి అలా దొరికినవాళ్లతో ఫీజు కట్టించి ఒక రోజు క్లాసులో కూర్చోబెట్టే కార్యక్రమం పెట్టారు. స్వీడన్ 1999లో ఏకంగా కొనడమే నేరమనీ, అమ్ముకోవడం కాదనీ చట్టం చేసింది. అమెరికాలో పోలీసు అమ్మే మనిషి వేషం వేస్తే, హైదరాబాద్‌లో కొనే మనిషి వేషం వేస్తాడు. ఎందుకంటే మన చట్టం వేట నిర్వాహకుడి కోసం. కొనేవాడు ఆ వలలో అనుకోకుండా పడే చేప.

పడిన ఆ చేప సంగతేమిటి? పోలీసులు ఎఫ్‌ఐఆర్‌లో విటుడి పేరు కూడా నిందితుల వరసలో రాస్తారు. అతని లాయరు హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమనే పిటిషన్ వేస్తాడు. వాదన చిన్నది: నా క్లయింటు గృహం నడపలేదు, ఎవరి సంపాదన మీదా బతకలేదు, ఎవరినీ ఈ పనిలోకి దింపలేదు, డబ్బిచ్చి వెళ్లాడంతే, కస్టమర్‌ను శిక్షించే సెక్షన్ పీటాలో ఏదో చూపించండి. ఈ వాదన హైదరాబాద్ హైకోర్టులో పదేళ్ల కిందటే నెగ్గింది. అప్పటి నుంచి అదే దారిలో ఎన్నో కేసులు నడిచాయి. క్వాష్ దాకా వెళ్లకపోయినా, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు అరెస్టు తప్పనిసరి కాదు గనుక స్టేషన్‌లోనే నోటీసు తీసుకుని ఇంటికెళ్లిపోవచ్చు. ఒకప్పుడు దాన్ని ‘41ఏ నోటీసు’ అనేవాళ్లు. కొత్త చట్టంలో నంబరు మారింది, పోలీసుల నోట ఇంకా పాతదే తిరుగుతోంది.

ఈ సందు పూడ్చే ప్రయత్నం ఒకసారి గట్టిగానే జరిగింది, అదీ మన తెలుగు మంత్రి చేతుల మీదుగా. 2006లో రేణుకా చౌదరి కేంద్రంలో స్త్రీ శిశు సంక్షేమ శాఖ చూస్తున్నప్పుడు పీటాకు సవరణ బిల్లు తెచ్చారు. రోడ్డు మీద పిలిచే స్త్రీని శిక్షించే ఎనిమిదో సెక్షన్ తీసేయడం, అక్రమ రవాణా బాధితురాలి కోసం వ్యభిచార గృహానికి వెళ్లినవాడికి మూడు నెలల జైలు లేదా 20,000 రూపాయల జరిమానా లేదా రెండూ వేయడం అందులో ఉన్నాయి. దాని మీద రెండు వైపుల నుంచీ కొట్లాట జరిగింది. కస్టమర్‌ను నేరస్థుడిని చేస్తే వ్యాపారం చీకట్లోకి పోతుంది, కండోమ్ గురించి బేరమాడే వీలు కూడా ఉండదు, ఎయిడ్స్ నివారణ కార్యక్రమాలన్నీ దెబ్బతింటాయి అని సెక్స్ వర్కర్ల సంఘాలు అన్నాయి. ఆ వాదన తేలిగ్గా తీసేయాల్సింది కాదు. చివరికి 2009లో లోక్‌సభ గడువు ముగియడంతో బిల్లూ మురిగిపోయింది.

2012 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత, జస్టిస్ వర్మ కమిటీ సిఫారసులతో 2013లో భారత శిక్షాస్మృతి (ఐపీసీ) మారినప్పుడు వేరే దారి తెరుచుకుంది. అక్రమ రవాణాకు గురైన మనిషిని లైంగికంగా వాడుకున్నవాడికి శిక్ష పెడుతూ 370ఏ అనే సెక్షన్ చేర్చారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 144వ సెక్షన్. వయోజన బాధితురాలైతే మూడు నుంచి ఏడేళ్లు, పిల్లలైతే అయిదు నుంచి పదేళ్లు. పిల్లల విషయంలో వాళ్లపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం ఎలాగూ ఉంది, అక్కడ ‘నేను కస్టమర్‌ని మాత్రమే’ అన్న మాటకు చోటే లేదు.

అయితే 144లో ఒక మాట ఉంది: ఆ మనిషి అక్రమ రవాణాకు గురైందని ‘తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి’. మొత్తం కేసు ఈ అయిదు మాటల మీదే నిలబడుతుంది. ‘నాకేం తెలుసు సార్, ఇష్టంతోనే ఉందనుకున్నాను’ అంటాడు. అబద్ధమని నిరూపించేదెలా? గదికి బయట గొళ్లెం ఉందా? తెలుగు, హిందీ, ఉర్దూ ఏదీ రాని అమ్మాయా? డబ్బు ఆమె చేతికి పోయిందా, ఇంకొకడి ఖాతాకు పోయిందా? ఒంటి మీద దెబ్బలున్నాయా? ఇవి రైడ్ జరిగిన అరగంటలో చూసి పంచనామాలో రాయాల్సిన విషయాలు. ఆ సమయంలో టీమ్ దృష్టంతా నంబర్లు రాసిన నోట్లు ఎవరి దగ్గర దొరికాయన్న దాని మీదే ఉంటుంది, ఎందుకంటే నిర్వాహకుడి కేసుకు అవే ప్రాణం. విటుడి మనసులో ఏముందో చెప్పే ఆధారాలు అక్కడే, ఆ గదిలోనే పోతాయి. చట్టం మారింది, పంచనామా రాసే అలవాటు మారలేదు. సమస్యకు మూలం ఇదే అని నా అభిప్రాయం.

2025 జులైలో కేరళ హైకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. డబ్బిచ్చి వచ్చినవాడిని కస్టమర్ అనకూడదు, ఆ మనిషి సరుకు కాదు కదా అంటూ, అలాంటివాడిని పీటా అయిదో సెక్షన్ కిందకు, అంటే ఆమెను ఈ పనికి ప్రేరేపించిన నేరం కిందకు తేవచ్చని చెప్పింది. ఇది మన హైకోర్టును కట్టిపడేసే తీర్పు కాదు. కానీ మన దగ్గర వాదించే సర్కారు వకీళ్లకు చేతిలో ఒక కాగితం దొరికింది.

విటుడి దగ్గర చట్టం ఇలా నసుగుతుంటే, పోలీసులు గిరాకీని పక్కదారిలో కొట్టడం నేర్చుకున్నారు. అంటే మనిషిని కాకుండా చోటును మూసేయడం. పీటా 18వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలానికి 200 మీటర్ల లోపల వ్యభిచార గృహం నడుస్తోందని తేలితే, మెజిస్ట్రేట్ ఓనరుకు నోటీసిచ్చి ఏడు రోజుల్లో సమాధానం అడగొచ్చు, ఖాళీ చేయించొచ్చు. ఆపైన ఏడాది పాటు ఓనరు మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా అద్దెకివ్వకూడదు. పిల్లలు దొరికితే మూడేళ్లు. ఈ సెక్షన్ పుస్తకంలో దశాబ్దాలుగా పడి ఉంది. 2016లో రాచకొండ కమిషనరేట్ ఏర్పడ్డాక, అప్పటి కమిషనర్ మహేశ్ భగవత్ దీన్ని బయటికి తీసి వాడారు. ఏడాది తిరక్కముందే 25 చోట్లు మూయించారు. వాటిలో అయిదు పేరున్న హోటళ్లు, మిగతావి అపార్ట్‌మెంట్లు, ఇళ్లు, లాడ్జీలు. ఆ పనికే 2017లో అమెరికా విదేశాంగ శాఖ తన వార్షిక నివేదికలో ఆయన్ను ప్రత్యేకంగా గౌరవించింది.

ఇది పనిచేయడానికి కారణం చాలా సాదాగా ఉంది. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఏడాది ఖాళీగా ఉంటే ఓనరుకు ఎంత నష్టమో ఎవరికైనా తెలుసు. అంతవరకూ ‘ఎవరు ఉంటున్నారో నాకెందుకు, ఒకటో తారీఖున అద్దె పడితే చాలు’ అనుకున్నవాడు కూడా ఆధార్ జిరాక్స్ అడగడం మొదలుపెడతాడు. మా కాలనీలోనూ ఒకసారి ఇలాంటి అనుమానం వచ్చింది. వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు ఒకటే గోల. ‘వాళ్లను వెంటనే ఖాళీ చేయించండి అన్నా’ అన్నవాళ్లే అందరూ. లోపల ఎవరైనా బలవంతంగా ఉన్నారేమో, 112కో మహిళల హెల్ప్‌లైన్ 181కో చెబుదామని ఒక్కరూ అనలేదు, నాతో సహా. వాళ్లు వెళ్లిపోయారు. ఎక్కడికో ఎవరూ అడగలేదు.

ఖాళీ చేయిస్తే ఏమవుతుందో ఈ నగరానికి ఒక పాత అనుభవమూ ఉంది. పాతబస్తీలో మెహబూబ్ కీ మెహందీ అనే వ్యభిచార వాడ ఉండేది. 1996లో దాన్ని ఖాళీ చేయించారు. అక్కడి స్త్రీలు, పిల్లలు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వాళ్ల పిల్లల కోసం చిన్న బడితో సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ మొదలుపెట్టిన సంస్థే ప్రజ్వల. వాడ పోయింది గానీ వ్యాపారం పోలేదు, ఊరంతా చెదిరింది. అప్పుడు పోలీసులకు ఒక చిరునామా ఉండేది. ఇప్పుడు స్పా బోర్డు వెనక, రోజువారీ అద్దె గదుల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో వెతకాలి.

అంతకంటే ఎక్కువగా ఫోన్లో వెతకాలి. 2022 డిసెంబరులో సైబరాబాద్ మానవ అక్రమ రవాణా నిరోధక విభాగం బయటపెట్టిన కేసు ఈ మార్పును కళ్లకు కట్టింది. 17 మందిని అరెస్టు చేశారు. వెబ్‌సైట్లలో ప్రకటనలు, వాటికింద నంబర్లు, ఆ నంబర్లకు ఫోన్ ఎత్తడానికి వేరే ఊళ్లలో కాల్ సెంటర్లు, ఫొటోలు పంపడానికి వాట్సాప్ గ్రూపులు. ఉద్యోగం పేరుతో దేశంలోని రకరకాల రాష్ట్రాల నుంచి, బయటి దేశాల నుంచి కూడా తెచ్చిన స్త్రీలు. ఈ ముఠాల ద్వారా చేతులు మారిన బాధితుల సంఖ్య 14,190 అని పోలీసులు చెప్పారు. ఒక్కొక్కరి వెనక ఎంతమంది కొనుగోలుదారులు ఉండి ఉంటారో మీరే లెక్క వేసుకోండి. ఫోన్ ఎత్తినవాడికీ, గది చూపినవాడికీ, డబ్బు అందుకున్నవాడికీ ఒకరి మొహం ఒకరికి తెలియని ఏర్పాటు ఇది. ఒక ఫ్లాట్ మీద రైడ్ చేస్తే దాని చివరి కొస మాత్రమే చేతికొస్తుంది.

చిత్రమేమిటంటే ఈ ప్రకటనల్లో బోలెడన్ని ఉత్త మోసాలు. ఎవరో అమ్మాయి ఇన్‌స్టా ఫొటో దొంగిలించి పెడతారు, అడ్వాన్సు కొట్టమంటారు, కొట్టగానే నంబరు బ్లాక్ అవుతుంది. ఇంకొందరు వీడియో కాల్ చేయించి దాంతోనే బెదిరిస్తారు. మోసపోయిన మగవాడు పరువుకు జడిసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడు. ఫొటో దొంగిలించబడిన అమ్మాయికి మాత్రం రాత్రిపూట తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తూ ఉంటాయి.

నిర్వాహకులు మళ్లీ మళ్లీ దొరుకుతుంటే పోలీసులు తీసే ఇంకో ఆయుధం పీడీ యాక్ట్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం. 1986 నాటి ఈ రాష్ట్ర చట్టం దొంగసారా వ్యాపారులు, గూండాలు, భూకబ్జాదారులతో పాటు అనైతిక రవాణా చేసేవాళ్లనూ విచారణ లేకుండా 12 నెలల దాకా లోపల ఉంచనిస్తుంది. బెయిల్ మీద బయటికొచ్చి మర్నాడే కొత్త ఫ్లాట్ తీసుకునేవాడిని ఆపడానికి ఇది తప్ప దారి లేదని పోలీసులంటారు. కానీ తెలంగాణ ఈ చట్టాన్ని మామూలు కేసులకు కూడా అలవోకగా వాడేస్తోందని సుప్రీంకోర్టు 2022 నుంచి వరసగా మందలిస్తోంది. మామూలు కేసు గట్టిగా కట్టలేనప్పుడే ఇలాంటి దగ్గరి దారులు వెతుక్కుంటారన్నది నా అనుమానం.

గట్టిగా కట్టిన కేసులూ లేకపోలేదు. 2018లో యాదగిరిగుట్టలో రాచకొండ పోలీసులు ఏడేళ్ల లోపు పిల్లలను కూడా కాపాడారు. వాళ్లు తొందరగా ఎదగడానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లని తేలడంతో స్థానిక వైద్యుడొకరు కూడా అరెస్టయ్యాడు. 2019లో హైదరాబాద్‌లో బంగ్లాదేశ్ యువతులు దొరికిన కేసును, అక్రమ రవాణా నేరాలు చూసే అధికారం కొత్తగా వచ్చిన జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తీసుకుంది. 2024లో ఆరుగురికి యావజ్జీవం పడింది. కొనేవాడిని నేరుగా పట్టిన ఉదాహరణ కావాలంటే 2017 సెప్టెంబరు గుర్తు చేసుకోవాలి. పాతబస్తీలో పెళ్లి పేరుతో మైనర్ల కోసం వచ్చిన ఒమన్, ఖతార్ షేకులు ఎనిమిది మందిని, వాళ్లకు నిఖా చదివిన ఖాజీలతో సహా అరెస్టు చేశారు. అక్కడ ‘నాకు తెలియదు’ అన్న మాట నిలవలేదు. చేతిలో పాస్‌పోర్టు, ఎదురుగా మైనర్ బాలిక, రాసుకున్న కాగితం.

జాతీయ నేర గణాంకాల్లో మానవ అక్రమ రవాణా కేసులు 2021లో తెలంగాణలో 347, 2022లో 391. రెండేళ్లూ దేశంలో మనమే మొదటి స్థానం. ఇది చూసి సిగ్గుపడాలా అంటే, పూర్తిగా అక్కర్లేదు. పీటా కింద చిన్న కేసు రాసి వదిలేసే రాష్ట్రాల్లో ఈ అంకె తక్కువ కనిపిస్తుంది, అక్రమ రవాణా సెక్షన్ పెట్టి రాసేచోట ఎక్కువ కనిపిస్తుంది. అంకె పెద్దదైనంత మాత్రాన నేరం ఎక్కువని కాదు, చిన్నదైతే ఊరు శుభ్రమనీ కాదు. శిక్షలు ఎన్ని పడ్డాయన్నది అడగాల్సిన ప్రశ్న.

ఇక ఆ అమ్మాయి. 17వ సెక్షన్ ప్రకారం ఆమెను మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. విచారణ జరిగేలోపు మూడు వారాల దాకా హోమ్‌లో ఉంచొచ్చు. రక్షణ అవసరమని తేలితే ఏడాది నుంచి మూడేళ్లు ఉంచమని ఆర్డరు వేయొచ్చు. ఈ లోపల ఇంటికి కబురు వెళుతుంది, తల్లిదండ్రులు నిజంగా తల్లిదండ్రులేనా, వాళ్లే పంపారా అని విచారిస్తారు. ఆ విచారణ అవసరమే, అమ్మినవాడి చేతికే మళ్లీ అప్పగించిన కథలు ఉన్నాయి కాబట్టి. కానీ నా ఇష్టంతో వచ్చాను, ఊళ్లో పిల్లాడున్నాడు, నన్ను పంపండి అనే ముప్పై ఏళ్ల స్త్రీకి ఆ గోడలు జైలుకు భిన్నంగా కనిపించవు. ఇద్దరికీ ఒకే గది, ఒకే ఆర్డరు.

కేసు విచారణకు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. ఆమె బెంగాల్లోనో బంగ్లాదేశ్‌లోనో పెళ్లి చేసుకుని ఉంటుంది, సమన్లు పాత చిరునామాకు వెళ్లి తిరిగొస్తాయి. పంచనామా సాక్షి ‘పోలీసులు సంతకం పెట్టమంటే పెట్టాను’ అంటాడు. నిర్వాహకురాలికి కొత్త లాయరు వచ్చి ఉంటాడు. విటుడి పేరు కేసులోంచి ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది.

వార్తలో చివరి మాట గుర్తుందా, స్వాధీనం చేసుకున్న అయిదు సెల్‌ఫోన్లు. అవి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లి, సీలు వేసిన కవర్లో తిరిగొచ్చి, కోర్టు ప్రాపర్టీ గదిలో ఉంటాయి. నిర్వాహకుడి ఫోన్లో ఎవరెవరు ఎప్పుడు ఎంత పంపారో, ఏ అమ్మాయి ఫొటో ఎవరికి వెళ్లిందో, ‘చిన్న వయసు ఉందా’ అని ఎవరు అడిగారో అంతా రాసే ఉంటుంది. ‘తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి’ అన్న ఆ అయిదు మాటలకు కావలసిన సాక్ష్యం చాలావరకు ఆ కవర్లోనే ఉంది. చార్జిషీట్‌లో మాత్రం ఆ ఫోన్ల గురించి ఒక్క వరుసే ఉంటుంది: రంగు, కంపెనీ, ఐఎంఈఐ నంబరు.